గొంగడి ఇంటి సైదులు గారు

ఈ నెల మొదటి వారంలో ఒక అపరాహ్ణవేళ కోటయ్య గారి ఫోను వచ్చింది. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే కోటయ్య గారు కుశలప్రశ్న లేకుండా ఎన్నడూ మాట మొదలుపెట్టరు. ఆనాడు మాత్రం, "పంతులుగారు, కూసున్నరా, నిలబడ్డరా?" అని అడిగారు. కూర్చునే ఉన్నానన్నాను. "అట్లనే కూసోండ్రి. మన సైదులన్న పోయిండు" అన్నారు. చేతిలోని కలం జారిపోయిందని వ్రాస్తే అది కవిసమయమవుతుంది. నిజానికి కలం చేతిలోనే ఉంది, దాని కింద సగం వ్రాసిన వాక్యమూ ఉంది. సూర్యాపేటలో జరుగవలసిన ఈ యేటి మా సమ్మేళనానికి ఆహ్వానపత్రిక చిత్తు అది. ఆ వాక్యంలోని ఒక విశేషణం అనవసరమని ఆ ఉదయమే శ్రీ మందల సైదులు గారు ఫోనులో నాతో వాదించి ఉన్నారు. వాదించిన ఆ కంఠం ఇక వినబడదన్న ఎరుక మనసుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం భోజనం చేసి, పందిరి నీడన నులకమంచంపై నడుము వాల్చి, "చాయ్ యాళ్లకు లేపు వదినె" అని చెప్పి కళ్లు మూసుకున్నారట. లేపబోయిన వదినగారు లింగమ్మ గారికి పిలుపు అందుకునే మనిషి అక్కడ లేడని చెయ్యి వేసిన క్షణానే తెలిసిందట. వ్యాధి లేదు, వేదన లేదు, ఒకరి సేవకై ఎదురుచూడవలసిన దైన్యం లేదు. పెద్దలందరూ ఆకాంక్షించే అనాయాస మరణం ఆయనకు అయాచితంగా లభించింది. కనుక ఈ నాలుగు మాటలు విలాపం కాబోవు. తృప్తుడై జీవించి తృప్తుడై నిష్క్రమించిన వ్యక్తిని గురించి కన్నీటితో వ్రాయబూనితే మధ్యలో నవ్వు వస్తున్నది. అది ఆయన దోషమే గాని నాది కాదు.

సైదులు గారిది మునగాల దాటిన తరువాత జాతీయ రహదారి నుండి పక్కకు తిరిగే ఒక పల్లె. తరతరాలుగా గొర్రెల మందలే ఐశ్వర్యంగా బ్రతికిన కుటుంబం. ఆయన మాత్రం చదువుకొని నాగార్జునసాగర్ జలాశయం మీద తిరిగే లాంచీల దగ్గర ఉద్యోగంలో కుదిరారు. యాత్రికులను ఎక్కించడం, లాంచీ ద్వీపం చేరేదాకా ఆ కొండల విశేషాలూ ఆ నీటి విశేషాలూ వినిపించడం ఆయన విధి. యంత్రం రొదను జయించి వినబడాలి గనుక ఆ కంఠం సంవత్సరాల తరబడి పెరుగుతూ పోయింది. సైదులు గారు కోదాడలో రహస్యం చెబితే హుజూర్‌నగర్‌లో తలుపులు తెరుచుకొనేవని మేము పరిహసించేవాళ్లం. ఆయన ఆ పరిహాసాన్ని బిరుదుగానే స్వీకరించారు.

ఆ ఉద్యోగకాలంలో ఒకనాడు గాలివాన లేచి లాంచీ సగం దారినుండి వెనుదిరిగిందట. యాత్రికులకు టికెట్టు సొమ్ము తిరిగి ఇచ్చివేశారు. అందరూ వెళ్లిపోయినా ఒక వృద్ధుడు కిటికీ దగ్గరే నిలబడి, "పైసలిచ్చినవ్, మంచిదే. నా పొద్దు ఎవరిస్తరు బిడ్డా?" అని అడిగాడట. ఉపనిషద్వాక్యం వలె ఆ మాట సైదులు గారి హృదయంలో ప్రతిష్ఠితమైంది. "చూడనీకె వచ్చేటోడు మనకిచ్చేది పైసలు కాదు పంతులుగారు, పొద్దు ఇస్తడు. పైసలు వాపసియ్యొచ్చు. పొద్దు ఏడికెల్లి తెచ్చిస్తం?" అని ఆయన తరచుగా అనేవారు. సందర్శకులను ఆహ్వానించి బ్రతికే వృత్తికి ఇంతకు మించిన ధర్మసూత్రం నాకు తెలియదు.

ఉద్యోగవిరమణ చేసి స్వగ్రామం చేరిన పిమ్మట ఆయన కట్టిన సంసారం పేరు గొంగడి ఇల్లు. ఉన్ని లేని జాతి గొర్రెలు మందలన్నిటినీ ఆక్రమించిన ఈ కాలంలో నల్ల ఉన్ని గొర్రెలను వెదకి తెచ్చి చిన్న మందగా కూర్చారు. పాత గొర్రెల కొట్టాన్ని బాగుచేసి, ఉన్ని కత్తిరించడం, వడకడం, చింతగింజల గంజి పట్టించడం, గుంతమగ్గం మీద గొంగడి నేయడం వచ్చినవారు కళ్లారా చూసేలా అమర్చారు. కీర్తిశేషుడైన అన్నగారి భార్య లింగమ్మ గారే ఆ ఇంటికి ప్రాణం. భర్త పోయిన నాటినుండి కదురుతో పాటు మగ్గమూ ఆమె చేతికే వచ్చింది. చూసినవారిని గొంగడిపై కూర్చుండబెట్టి జొన్నరొట్టె పెట్టి పంపేవారు. ఇంత శోభగల వ్యవస్థకు ఉన్న లోపమేమో గాని, జనం రాకపోకలు మాత్రం పలుచగానే ఉండేవి. ఆ లోపం కథ ముందుముందు వస్తుంది.

మా సమ్మేళనం పుట్టుక చెప్పనిదే సైదులు గారి స్వరూపం పూర్తి కాదు. యాత్రాస్థలాలు, ఉద్యానాలు, ప్రదర్శనశాలలు నడిపేవారి సదస్సు ఒకటి ఏదో మహానగరంలో పెద్ద హోటల్లో జరిగితే, ఉత్సాహం కొద్దీ ఈయన వెళ్లి వచ్చారు. ఎలా జరిగిందని అడిగాను. "మస్తు జరిగింది. ఒకడెక్కి మాదే గొప్ప అన్నడు, దిగిండు. ఇంకొకడెక్కి కాదు మాదే అన్నడు, వాడూ దిగిండు. తెర మీద బొమ్మలే బొమ్మలు. అందరు చెప్పిండ్రు పంతులుగారు, ఒక్కడు ఇనలే" అన్నారు. భోజనం బాగుందా అని అడిగాను. "అన్నం కాడ కూడ కార్డులే పంచుకున్నరు" అన్నారు. ఆ నిర్వేదం నుండే మా చిన్న సమ్మేళనం ఉదయించింది. ఒక యేడు సూర్యాపేట, మరొక యేడు కోదాడ, ఆపై మిర్యాలగూడ. సాగర్ లాంచీలవారు మొదలు వాడపల్లి సంగమం చూపేవారి దాకా, ఈ ప్రాంతంలో పదిమందిని పిలిచి ఏదైనా చూపించి జీవించేవారందరూ ఒక్కరోజు కూడుకోవడం దాని రూపం. అమ్ముకోవలసిన స్థలమేదీ లేనివాడినన్న ఏకైక యోగ్యతపై నన్ను అధ్యక్షపీఠంపై కూర్చుండబెట్టారు.

ఆ కూటమికి నేను 'సందర్శనీయస్థలనిర్వాహకపరిషత్' అని నామకరణం చేశాను. సైదులు గారు కాగితాన్ని దగ్గరగానూ దూరంగానూ పట్టి చదివి, "బాగున్నది. కని గిది ఒక్క ఫ్లెక్సీల పట్టదు పంతులుగారు. సగం పేరు సూర్యాపేటల కట్టి సగం కోదాడల కట్టాలె" అన్నారు. చివరకు 'చూపించేటోళ్ల మీటింగ్' అన్న పేరే స్థిరపడింది. ఆహ్వానపత్రికలో నా సమాసం పైన చిన్న అక్షరాలలో ఉంటుంది, వారి మాట కింద పెద్ద అక్షరాలలో ఉంటుంది. జనం పెద్ద అక్షరాలే చదువుతారన్నది ఆయన వాదం. అది నిజమేనని కాలం నిరూపించింది.

ఆ సమ్మేళనానికి ఆయన విధించిన నియమం మరెక్కడైనా ఉందో లేదో నేనెరుగను. అక్కడ ఎవరూ తమ స్థలాన్ని గురించి నోరెత్తరాదు. కొన్ని వారాల ముందు ఇత్తడి చెంబులో చీటీలు వేసి తీస్తారు. ఎవరి చేతికి ఏ స్థలం వస్తే వారు అక్కడికి అందరివలె టికెట్టు కొని, పరిచయం చెప్పుకోకుండా, వెళ్లి చూసి రావాలి. సమ్మేళనంలో లేచి మొదట అక్కడి లోటు చెప్పాలి, పిదప గుణం చెప్పాలి. ఆ స్థలం యజమాని ప్రత్యుత్తరం ఇవ్వకూడదు. 'విన్నాను' అని ఒక్క మాట చెప్పి కూర్చోవాలి. ఆత్మస్తుతి, పరనింద రెండూ మహాదోషాలని మన సంప్రదాయం. సైదులు గారు మొదటిదాన్ని నిషేధించి రెండవదాన్ని ఔషధంగా మార్చారు. ఇదంతా ఎందుకని ఒకరు అడిగితే ఆయన చెప్పిన సమాధానం ఇది: "నీ ఇంటి కూర రుచి నువ్వు జెప్తె ఎవడు నమ్ముతడు? పక్కింటోడు ఉప్పు తక్కువైందన్నంక బాగున్నదంటె, అప్పుడు నమ్ముతరు."

ఈ నియమం మొదట కోటయ్య గారికే తగిలింది. ఆయన తన మిల్లును బడిపిల్లలకు చూపించే ఏర్పాటు చేశారు. ధాన్యం ఎలా బియ్యమవుతుందో ఈ కాలపు పిల్లలకు తెలియదు గనుక అది ఉత్తమమైన సంకల్పం. చీటీ సైదులు గారికి వచ్చింది. ఆయన ఒక బడిపిల్లల గుంపు వెనకాల నడిచి చూసివచ్చి, సభలో లేచి, "మిల్లుల ఊకదుమ్ముకు తుమ్ముడే తుమ్ముడు. పిల్లలు ఇంటికి పోయి ఏం చూసిండ్రంటె తుమ్ములు చూసినమని చెప్తరు. మిల్లు మాత్రం మంచిగున్నది" అన్నారు. కోటయ్య గారు ముఖం ఎర్రచేసుకొని 'విన్నాను' అన్నారు. మరుసటి సంవత్సరానికి మిల్లులో పిల్లలు నిలబడే తావుకు అద్దాల గది వచ్చింది. వారిద్దరి స్నేహం ఆ తుమ్ముల నుండే చిక్కబడింది.

కోదాడ విజయమ్మ గారి విషయం అంత సులువుగా తేలలేదు. హైవే పక్కన నీటి ఆటల ఉద్యానం నడిపే గడసరి ఇల్లాలు ఆమె. పెద్ద పెద్ద జారుడుబండలు, కృత్రిమమైన అలలు, ఎండాకాలంలో తిరునాళ్ల వంటి సందడి. ఆ స్థలం ఒకసారి సైదులు గారి వంతుకు వచ్చింది. ఆయన నీళ్లలో దిగలేదు. పూటంతా ఒడ్డున కూర్చొని చూసివచ్చారు. సభలో, "పిల్లలు నీళ్లల ఉన్నరు, తండ్రులు నీళ్లల ఉన్నరు. తల్లులు మాత్రం చెప్పులు, బట్టల మూటలు ఒళ్లె పెట్టుకొని ఎండల కూసున్నరు. ఆ తల్లులకు జర నీడ లేదు. టికెట్టు మాత్రం వాళ్లకు గూడ ఉన్నది" అన్నారు. విజయమ్మ గారు నియమం ప్రకారం 'విన్నాను' అన్నారు గాని, భోజనాల దగ్గర ఆయన్ను నిలదీశారు.

"నీళ్లలో కాలు పెట్టని మనిషి నా పార్కు సంగతి చెప్పడమేంటండీ?"

"నేను దిగితె నీళ్లన్ని బయటికొస్తయి అక్కా. మల్ల నింపనీకె నీకే ఖర్చు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తల్లుల కోసం పొడవాటి రేకుల పందిరి ఆ వేసవిలోనే వేయించారు గాని, సైదులు గారితో మాట మానివేశారు. ఎదురుపడితే నా ముఖం చూసి ఆయనకు జవాబు చెప్పేవారు.

ఇంతలో గొంగడి ఇంటికి గడ్డుకాలం దాపురించింది. సైదులు గారి పింఛను మంద మేతకే చాలని స్థితి వచ్చింది. ఒక సాయంత్రం ఆయన నాతో, "ఈ యేడు గడిస్తె గడిచినట్టు. లేకుంటె మంద అమ్ముడే. వదినె మల్ల కూలినాట్లకు పోవాలె. ఆమె నడుము ఇప్పుడు వంగుతదా పంతులుగారు?" అన్నారు. ఆ స్వరం అంత తగ్గగలదని అప్పటిదాకా నాకు తెలియదు. సరిగ్గా ఆ యేడే ఒక అవకాశం వచ్చింది. హైదరాబాదు నుండి వారాంతపు యాత్రాబస్సులు నడిపే ఒక సంస్థవారు కోదాడలో జరిగే మా సమ్మేళనానికి వస్తామన్నారు. వారి బస్సులు సూర్యాపేటలో టిఫినుకు ఆగి తిరిగి పరుగు తీసేవి. దారిలో యాత్రికులకు చూపదగిన ఒక్క స్థలాన్ని మా మాటలు విని ఎంచుకోవాలని వారి ఉద్దేశం. గొంగడి ఇల్లు నిలవడమో మూతపడడమో ఆ ఎంపికపై ఆధారపడింది.

చీటీలు తీశాము. గొంగడి ఇల్లు విజయమ్మ గారి చేతికి వచ్చింది.

కోటయ్య గారు నన్ను పక్కకు పిలిచి, "మల్ల తీద్దాం పంతులుగారు. చెంబు సరిగ్గ ఊపలేదని చెప్పుండ్రి. ఆమె ఏం చెప్తదో మనకు తెల్వదా?" అన్నారు. ఆ మాట సైదులు గారి చెవిన పడింది. "తీసుడు అయిపోయింది. నాకు గుచ్చుకున్నప్పుడు రూల్ మారిస్తె, మిగిలినోళ్లకు గుచ్చుకున్నప్పుడు ఏం మొఖం పెట్టుకొని కూసోవాలె?" అన్నారు. పోనీ, ఈ ఒక్కసారికి మీ స్థలం గురించి మీరే చెప్పండి, మీ అంత బాగా ఎవరు చెప్పగలరు అని నేనూ అన్నాను. ఆయన నవ్వి, "గదే గద సమస్య. నేను బాగ చెప్త" అన్నారు. ఆ మాటలోని సత్యం ఎంత లోతైనదో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

సమ్మేళనం కోదాడలో ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. హైదరాబాదు నుండి సంస్థ తరఫున ఒక యువతి వచ్చి ముందువరుసలో కూర్చున్నది. సైదులు గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, చేతులు కట్టుకొని, పెళ్లిచూపులలో ఆడపిల్ల తండ్రి వలె కూర్చున్నారు. విజయమ్మ గారి వంతు వచ్చింది. ఆమె నెమ్మదిగా వేదిక ఎక్కి, కాగితం లేకుండానే మాట్లాడారు. ఆ ప్రసంగం నాకు చాలావరకు జ్ఞాపకముంది.

"నేను మా మేనత్తను వెంటబెట్టుకొని, ముఖానికి మాస్కు కట్టుకొని వెళ్లానండీ. గుర్తుపడతాడేమో అని భయపడ్డాను. ఏం భయం అక్కర్లేదు. సైదులన్న మాట్లాడేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో చూడడు. గొర్రె గురించి చెప్పాడు, ఉన్ని గురించి చెప్పాడు, వాళ్ల నాన్న వానలో తాను తడుస్తూ గొంగడి తీసి గొర్రెపిల్లల మీద కప్పిన కథ చెప్పాడు. మాస్కు తీశాను. అయినా గుర్తుపట్టలేదు. వాళ్ల నాన్న కథ మళ్లీ చెప్పాడు."

హాలులో నవ్వులు పుట్టాయి. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"నవ్వకండి. మధ్యలో ఆయనకేదో ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. అప్పుడు మా అత్త పోయి లింగమ్మ గారి పక్కన కూలబడింది. నేనూ కూర్చున్నాను. ఆవిడ మాటా పలుకూ లేకుండా కదురు మా అత్త చేతికిచ్చింది. దారం తెగింది. ఆవిడ కలిపి మళ్లీ ఇచ్చింది. మళ్లీ తెగింది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఉన్ని వాసన, ఆ చేతులు, అబ్బ, లేవబుద్ధి కాలేదు. ఆ కాసేపే మేము గొంగడి చూశాం. తక్కినదంతా సైదులన్నను చూశాం. అక్కడ లోటేంటంటే ఆయనే. గుణమేంటంటే ఆయన లేనప్పుడు ఉన్నదంతా. బస్సు ఆపితే అక్కడే ఆపండి. ఆయన్ని మాత్రం గేటు బయట కూర్చోబెట్టండి."

కక్షతో అన్న మాట కాదది. కక్ష ఉన్నవారి కళ్లు అలా చెమర్చవు. యాత్రాసంస్థ యువతి వెనుకకు తిరిగి, "సైదులు గారూ, మీరేమంటారు?" అని అడిగింది. ఆమెకు మా నియమం తెలియదు. సైదులు గారు లేచి నిలబడ్డారు. ఒక జీవితకాలం మాటతో బ్రతికిన మనిషి, తన ఇంటి భవిష్యత్తు తేలే వేళ, వాదించగల కంఠం ఉండీ, "ఇన్న" అని కూర్చున్నారు. నేను వినిన ఆయన ఉపన్యాసాలన్నిటిలో ఉత్తమోత్తమమైనది అదేనని నా నిశ్చితాభిప్రాయం.

భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చొని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు. తరువాత, "లాంచీల మాట్లాడకుంటె ఇంజను చప్పుడే ఇనపడేది పంతులుగారు. జనం బుగులుపడేటోళ్లు. గందుకే నోరు అలవాటైంది. గొంగడి కాడ ఇంజను లేదు గదా, ఎవని మీద అరుస్తున్న నేను?" అన్నారు. అని తానే నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు పంక్తి చివర కూర్చున్న విజయమ్మ గారికి వినబడింది. ఆమె పెరుగు గిన్నె తానే తెచ్చి ఆయన విస్తట్లో వడ్డించి, "తిను సైదులన్నా, మాట్లాడింది చాల్లే" అన్నారు. మాట మానినవారి నోట వచ్చిన ఆ తొలిమాటకు ఆయన, "మాట్లాడింది నువ్వు గదా అక్కా" అని మాత్రం అన్నారు.

సంస్థవారు ఒక బస్సు పంపి చూస్తామన్నారు. యాత్రికులకు నచ్చితేనే తరువాతి మాట. అంటే గొంగడి ఇంటి భవిష్యత్తు ఇప్పుడు సైదులు గారి మౌనానికీ లింగమ్మ గారి నోటికీ ముడిపడింది. ఆ బస్సు వచ్చిన దినాన నేను అక్కడ ఉన్నాను. లింగమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నాకేం మాట్లాడ వస్తది సైదులూ? ఎన్నడన్న మాట్లాడనిచ్చినవా?" అన్నారు. "ఇయ్యాల్టి సంది ఇస్తున్న గదా వదినె. నువ్వు నీ పని చేస్కో. అడిగింది చెప్పు. అడగనిది చెప్పకు. నాకు రాని విద్య అదే" అని ఆయన గేటు దగ్గరి బండపై కూర్చున్నారు. వచ్చినవారికి కాళ్లు కడుగుకోవడానికి నీళ్లు పోశారు. నమస్కరించారు. ఒక్క మాట పలుకలేదు. వారు లోపలికి వెళ్లిన తరువాత ఆయన వేళ్లు మోకాళ్లపై తాళం వేస్తున్నవి.

లోపలినుండి నవ్వు వినబడింది. "ఏమన్నదంటరు?" అని నన్నడిగారు. వినబడలేదన్నాను. "మీరు పోయి చూసి రాండ్రి. మీకు ఏ రూలూ లేదు గదా" అన్నారు. వెళ్లాను. మగ్గం చుట్టూ జనం చేరి ఉన్నారు. ఒక పడుచు గొంగడిని చెంపకు ఆనించుకొని, "ఇది గుచ్చుకుంటుంది కదా అమ్మా?" అని అడుగుతున్నది. లింగమ్మ గారు చేతిపని ఆపకుండా, "గుచ్చుకుంటది బిడ్డా. గుచ్చుకోనిది గావాలంటె పట్నంల దుకాణంల దొరుకుతది. వానకు తడ్వదు, చలికి వణకదు, చెప్పినట్టు ఇంటది. నీ పెనిమిటి ఇంటడా?" అన్నారు. ఆ పెనిమిటి పక్కనే ఉన్నాడు. మళ్లీ నవ్వులు. ఎవరో కదురు అడిగి తీసుకున్నారు, దారం తెగింది, లింగమ్మ గారు కలిపి ఇచ్చారు.

తిరిగి వచ్చి చూసినది చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మా నాయన కథ చెప్పిందా?" అని అడిగారు. లేదన్నాను. "అది చెప్పకుంటె గొంగడి ఎట్ల సమజైతది పంతులుగారు?" అని లేవబోయారు. సగం లేచి, గుమ్మం వైపు చూసి, లోపలి సందడిని కాసేపు ఆలకించి, తిరిగి కూర్చున్నారు. "సమజైనట్టే ఉన్నది" అన్నారు. తండ్రి స్మృతిని ఆ విధంగా తన గొంతులోనే అణచుకొన్న ఆ క్షణాన ఆయన ముఖంలో నేను చూసిన ప్రసన్నత సామాన్యమైనది కాదు. వదులుకొన్నవారికి మాత్రమే దక్కే తృప్తి అది.

ఆ తరువాత బస్సులు క్రమంగా రాసాగాయి. మంద అమ్మవలసిన అగత్యం కలుగలేదు. లింగమ్మ గారికి కూలినాట్ల మాట లేకపోయింది. పనిలో ఆమెకు ఊరి స్త్రీలు మరికొందరు తోడయ్యారు. సైదులు గారు గేటు దగ్గరి బండనే తన పీఠం చేసుకున్నారు. లోపల వాడని మాటలన్నీ ఫోనులో నాకూ, కోటయ్య గారికీ, విజయమ్మ గారికీ పంచిపెట్టేవారు. "మీ తమ్ముడు లోపల దాచుకున్నదంతా నా చెవిలో దింపుతున్నాడండీ, నేనేం పాపం చేశాను?" అని విజయమ్మ గారు నాకు ఫిర్యాదు చేసేవారు. ఒకనాడు ఆయన ఫోను చేయకపోతే ఆమే చేసి ఆరోగ్యం అడిగేవారు.

ఇటువంటి వ్యాసాలలో దివంగతుని స్థానం ఎవరూ పూరింపలేనిదని వ్రాయడం పరిపాటి. మా సమ్మేళనంలో అది అక్షరసత్యం. తన స్థలాన్ని పొగడుకోకుండా పరుల స్థలాన్ని ప్రేమించడం నేర్పిన ఆ మనిషి వంటివారు మళ్లీ మాకు దొరకరు. మా సభలో లోటు చెప్పడానికి లేచేవారందరూ ఆయన వైపు చూసి ధైర్యం తెచ్చుకొనేవారు. ఈసారి సూర్యాపేటలో ఎటు చూస్తారో నాకు తెలియదు. ఆ ఆహ్వానపత్రిక వాక్యంలోని విశేషణాన్ని మాత్రం తొలగించాను.

కాని గొంగడి ఇంటి సంగతి వేరు. చిన్నకర్మ ముగిసిన మరునాటికే ఒక బస్సు రావలసి ఉంది. రద్దు చేయమందామా అని కోటయ్య గారు అడిగితే, లింగమ్మ గారు, "రానియ్యుండ్రి. మంద ఆకలి సావుకు ఆగదు. నా మరిది బస్సులు ఆపుమని చెప్పి పోలేదు" అన్నారు. మేమందరం వెళ్లాము. గేటు దగ్గర నీళ్లు పోసే పని కోటయ్య గారు పుచ్చుకున్నారు. రొట్టెల దగ్గర విజయమ్మ గారు కూర్చున్నారు. వచ్చినవారు ఉన్ని తాకారు, వడికారు, దారం తెంచుకున్నారు, లింగమ్మ గారి మాటకు నవ్వారు. ఎర్రబారిన ఆమె కళ్లు మగ్గం చీకటిలో ఎవరికీ కనబడలేదు. పొద్దు వాలుతుండగా వారు సంతోషంతో బస్సెక్కి, చేతులూపి, వెళ్లిపోయారు.

లింగమ్మ గారు గేటు దాకా వచ్చి, బస్సు హైవే మలుపు తిరిగేదాకా చూశారు. "ఈడ ఇంకో మనిషి ఉండాలె గదా అని ఒక్కరు గూడ అడగలే పంతులుగారు" అన్నారు. ఓదార్చబోయాను. ఆమె తల అడ్డంగా ఊపారు. ఆ ముఖంలో దుఃఖం ఎంత ఉన్నదో గర్వమూ అంత ఉన్నది.

"అడగరు. అడగకుండ అయ్యేటట్టు చేసి పోయిండు."